తాళం తప్పిన పిల్ల

ఈ హిందీ ఊళ్లో, మా స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ టూలో జరిగే శనివారం భజనకి ఇడ్లీ బండి ఆవిడ కూతురు వచ్చేది. పగలంతా గిన్నెలు తోమి నానిపోయిన చేతులతోనే తాళాలు పట్టుకునేది. గొంతు మంచిదే. కానీ అందరం దెబ్బ వేసే చోట ఆ పిల్ల చెయ్యి గాల్లో ఆగిపోయేది. అది దాటాక, మా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో ‘ఛక్’మనిపించేది.

"తాళం తప్పిందే!" అని వారం వారం అరిచేవాణ్ణి.

"తప్పలేదు మావయ్యా. మీరంతా ఒక్కచోటే కొడతన్నారు. మజ్జిలో బోల్డు జాగా ఉంది కదా, దాన్నెవులు వాయిస్తారు?" అంది ఒకసారి.

జాగాట, జాగా! ప్లాంటులో ముప్పై ఏళ్లు సైరను కొట్టేసరికల్లా డ్యూటీలో ఉన్నవాణ్ణి నేను. అందరి ముందూ తాళాలు లాక్కున్నాను. ఉత్తచేతుల్ని చూసుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఏళ్లు గడిచాక, మొన్న మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"తాతా, దేఖో! మన ఇడ్లీ బండి దీదీ! రెగే సింగర్ అయిపోయింది, దునియా అంతా తిరుగుతోంది."

ఏదో పరాయి దేశం. వేదిక ముందు ఇసుకేస్తే రాలనంత జనం. గిటారు దెబ్బ పడుతున్నది సరిగ్గా ఆ ఖాళీలోనే. రెగే పాటంటే అదేనట. నేను తప్పన్న చోట వాళ్లంతా ఊగిపోతున్నారు.

ఇంతలో ఆ పిల్ల చెయ్యి గాల్లో ఆపి, మైకు జనం వైపు తిప్పింది. వచ్చీరాని తెలుగులో అంతమందీ ఒక్కసారిగా అరిచారు.

"తాళం తప్పిందే!"

మనవరాలికి తెలుగు అంతంతమాత్రం.

"తాతా, ఇస్కా మత్లబ్ క్యా హై?" అని ఆ మాటకి అర్థం అడిగింది.