క్రూజర్ కింద నిమ్మకాయలు

బ్రిటిష్ యుద్ధనౌకను ఒంటిచేత్తో దెబ్బతీసిన తెలుగువాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. శత్రువులు టార్పెడోలతో సాధించలేని పనిని మిషిగన్‌లోని నోవైలో, మా డైనింగ్ టేబుల్ మీద, రెండు నిమ్మకాయలతో సాధించాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, తెలియనిదంటూ ఏదీ లేదనుకునే వయసు. మా ఆఫీసులో గ్రాహమ్ అని ఇంగ్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఉండేవారు. వాళ్ళ నాన్న బ్రిటిష్ నేవీలో ఒక క్రూజర్ మీద పనిచేశారట. ఆ ఓడ నమూనాను ఈయన మూడేళ్ళు కూర్చుని చెక్కతో చేశారు. ఒకరోజు లంచ్‌లో, డిస్ట్రాయరూ క్రూజరూ ఒకటే కదా అని నోరుజారాను. అంతే, ఆయన తిండి మానేసి పాఠం మొదలుపెట్టారు. టార్పెడో పడవలను వేటాడటానికి పుట్టింది డిస్ట్రాయర్ అట, చిన్నది, చురుకైనది. దూర సముద్రాల్లో తిరుగుతూ వర్తక నౌకలకు కాపలా కాసేది క్రూజర్ అట. వారం తిరక్కుండా ఆ పాఠాన్ని ఆఫీసులో అందరికీ నేనే చెప్పేశాను, నేవీలోనే పుట్టి పెరిగినవాడిలా.

నా శ్రద్ధకు ఆయన కరిగిపోయారు. ఆదివారం లైబ్రరీలో నమూనాల ప్రదర్శన ఉంది. ఈలోగా ఆయన ఇంటికి అల్లరి మనవలు వస్తున్నారు. అందుకని ఓడను రెండు రోజులు నా దగ్గర ఉంచారు.

"ఆ బూడిద రంగు మా నాన్న పక్కన కూర్చుని చెబుతుంటే కలిపాను. ఇప్పుడాయన లేరు. జాగ్రత్త," అన్నారు.

మర్నాడు దసరా. నా కారుకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి లోపలికొచ్చాను. టేబుల్ మీద ఓడ బోసి నుదుటితో కనిపించింది. మీరే చెప్పండి, ఓడ మాత్రం వాహనం కాదా? నా రూమ్మేట్ భాస్కర్, వరంగల్ కుర్రాడు, పసుపు డబ్బా చూడగానే అడ్డుపడ్డాడు.

"అన్నా, మంది సొమ్ము. జర ఆలోచించు."

"పూజ చేస్తే తప్పేంట్రా? పెద్దాయన సంతోషిస్తారు."

"సరే గానీ, నిమ్మకాయలు యాడ పెడ్తవ్? దీనికి చక్రాలేడున్నయ్?"

ఇంజనీరుకు అదొక సమస్యా? ముందుభాగానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. స్టాండు మీంచి ఓడను దించి, రెండు నిమ్మకాయల మీద నిలబెట్టి, గోవిందా అంటూ ముందుకు తోశాను. నిమ్మకాయలు చితకలేదు, దొర్లాయి. ఓడ పక్కకు ఒరిగి, డెక్ మీది పెద్ద స్తంభం పూజ పళ్ళెం అంచుకు తగిలి టప్పున విరిగింది. కంగారులో తడిగుడ్డతో పసుపు తుడిచాను. తుడిచినకొద్దీ అది తోకదాకా పాకింది. నిమ్మకాయ తొక్కనేల, జిగురు వెతకనేల!

ఆదివారం దాకా నిద్ర లేదు గానీ ధైర్యం మాత్రం తగ్గలేదు. లైబ్రరీలో గ్రాహమ్ గారు నేను తెచ్చిన అట్టపెట్టె తెరవగానే అందుకున్నాను. యుద్ధకాలంలో శత్రువు కళ్ళను మోసగించడానికి ఓడలకు చిత్రమైన రంగులు వేసేవారు కదండీ అన్నాను. అది నిజమే, ఎక్కడో చదివాను.

ఆయన వంగి ఓడను వాసన చూశారు. "ఈ ఓడకు వేయలేదు," అన్నారు.

ఆ మాటతో నా నేవీ మొత్తం మునిగింది. ఆయన నాన్నగారి రంగు నేను పాడుచేశాను. సిగ్గుతో చచ్చిపోయి, జరిగింది జరిగినట్టు చెప్పి, క్షమించమన్నాను. ఆయన విరిగిన స్తంభాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి, నిమ్మకాయ ఎందుకని అడిగారు. దిష్టి తగలకుండా, ప్రయాణం క్షేమంగా సాగాలని అన్నాను.

"మావాళ్ళు కొత్త ఓడను నీళ్ళలోకి దించేముందు దానికి వైన్ సీసా కొట్టి పగలగొడతారు. కానీ ఓడను సీసా మీదికి ఎక్కించరు," అని పకపకా నవ్వారు.

స్తంభాన్ని టేపుతో నిలబెట్టి, ముందు ఒక కార్డు రాసి పెట్టారు: "ఈ క్రూజర్ టార్పెడోలను తప్పించుకుంది. దసరాను తప్పించుకోలేకపోయింది." ఆ రోజు జనమంతా మా టేబుల్ దగ్గరే. తరవాత స్తంభం కొత్తది చేసుకున్నారు గానీ పసుపు జోలికి పోలేదు. పూజ కదా, ఉండనీ అన్నారు.

ఆర్నెల్లకు ఆయన నుంచి ఫోన్.

"కొత్త కారు కొన్నాను. నిమ్మకాయలు తీసుకురా. దీనికి చక్రాలున్నాయి."

వెళ్ళి, వాళ్ళింట్లో అందరి ముందూ వంగి చక్రాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. నాలుగూ ఉన్నాయి. అప్పుడే కొత్త కారు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: బొందిలో ప్రాణం ఉండగా, చక్రాలు లెక్కపెట్టకుండా ఏ వాహనానికీ పూజ చేయను.