పెద్ద డాక్టరుకు వినిపించిన తిరగలి

నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. చచ్చిపోయిన మా చిన్నమ్మ మీద ఒట్టు, ఇది జరిగింది. డెబ్భైల చివర్లో... నేను నంద్యాలలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు.

మా డాక్టరు చదువులో మనసు జబ్బులంటే ఎగతాళి. ఆ పాఠాలున్న రోజుల్లో అందరూ సినిమాకు పోయేవాళ్ళు. ఏ పరీక్షలోనూ ఏమీ తేలని ఆడమనిషి వస్తే, మా పెద్ద డాక్టరు అమోనియాలో తడిపిన దూది ముక్కు కింద పెట్టించేవాడు. "నాటకం వదుల్తాది సూడండి" అనేవాడు. మేం నవ్వుతూ నేర్చుకోవాలి.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి మా చిన్నమ్మ ఓబుళమ్మ వచ్చింది. రాత్రిళ్ళు ఎవరో తిరగలి విసురుతున్న చప్పుడట. కంటి మీద కునుకు లేదు.

"సార్, ఈమె మా చిన్నమ్మ" అన్నాను.

ఆయన అందరి వైపూ తిరిగాడు. "అయితే ఈ పిచ్చి వంశంలోనే ఉండాది. నీకెప్పుడొస్తాదమ్మా?"

వార్డంతా నవ్వింది. దూది పెట్టారు. చిన్నమ్మ గింజుకుంటూ నా వైపే చూసింది. ఇంటికి పోయిన వారంలోపే బావిలో తేలింది.

ఆయన్ని చూస్తే కడుపు మండిపోయేది. ఏం చేయగలను? ఆయన సంతకం పెడితేనే నేను డాక్టర్ని.

కొన్నాళ్ళకు ఆళ్లగడ్డలో కుటుంబ నియంత్రణ క్యాంపు ముగించుకొని జీపులో వస్తున్నాం. బాగా చీకటి పడింది. దారిలో ఇంజను వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు డబ్బా తీసుకొని నీళ్ళకోసం కాలువకు పోయాడు. జీపులో ఆయనా నేనూ మిగిలాం. రెండు పక్కలా జొన్నచేలు. ఇల్లన్నది లేదు. గాలి కూడా లేదు...

గర్ర్... గర్ర్...

ఇంజనేమో అనుకున్నాను. కాదు. రాయి మీద రాయి. ఆగుతుంది... గుప్పెడు గింజలు పోసినంత సేపు... మళ్ళీ గర్ర్... చేలోంచి కాదు. జీపు వెనక సీటు కింద నుంచి.

"ఏందీ సప్పుడు?" ఆయన నా వైపు జరిగాడు. "ఇంటాండావా?"

విన్నాను. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. అయినా అన్నాను... "ఏం సప్పుడు సార్? నాకేం ఇనపడ్లేదే."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నిజం చెప్పు తల్లీ... నీకూ ఇనిపిస్తాంది గదా?"

క్యాంపు సంచి విప్పాను. అమోనియా సీసా తీశాను. దూది తడిపి ఆయన ముక్కు కింద పెట్టి గట్టిగా అదిమాను.

"పీల్చండి సార్. వదుల్తాది."

చప్పుడు ఆగింది. ఒట్టు... సరిగ్గా అప్పుడే.

ఈ సంగతి ఆయన ఎవరికి చెప్పుకుంటాడు? వార్డంతా నవ్వదూ! నోరు మూసుకొని నా కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆయనకు నిద్ర మాత్రం కరువైంది. కనిపించినప్పుడల్లా ఒకటే మాట. "ఆ పొద్దు నీకూ ఇనిపిచ్చింది గదా?" మంచాన పడ్డాక కబురు పెట్టి మరీ అడిగాడు. లేదు సార్ అన్నాను. ఈ రోజుకూ జాలి లేదు నాకు.

కానీ ఏమిటది? చిన్నమ్మా? లేక ఆయన అన్నట్టు మా వంశంలోనే ఉందా... ఉంటే, మరి ఆయనకెట్లా వినిపించింది?