ట్యూబు మీద పడని చక్రాలు

2022 చివర్లో, కోయంబత్తూరులో నేను పుట్టిన వీధి మొదట్లోనే నాకు పని పడింది. ట్రాఫిక్ సర్వేలో నేను సూపర్‌వైజర్‌ని. ఏళ్ల తరబడి ఎక్కడెక్కడి రోడ్ల మీదో బండ్లు లెక్కపెట్టించాను గానీ, పాత మిల్లు వెనక మా తెలుగువాళ్ల వీధికి పని మీద వెళ్లడం అదే మొదలు. మా నాన్నని మేము నైన అనేవాళ్లం. నైన ఆ మిల్లుకి సైకిలు మీదే వెళ్లొచ్చేవాడు. ఆయన పోయాక ఊరికి ఆ చివర అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. పెళ్లికో చావుకో తప్ప నేను మళ్లీ అటు తొంగిచూడలేదు.

మా వీధి నుంచి పెద్ద రోడ్డు వెంబడి ఆస్పత్రి దాకా సైకిళ్లకు విడిగా దారి వేయాలా వద్దా అన్నది తేలాలి. సైకిళ్లు తగినన్ని తిరుగుతున్నాయని లెక్క చూపిస్తే దారి వేస్తారు. లేకపోతే ఆ జాగా కార్ల పార్కింగ్‌కి పోతుంది. మేము వాడింది ట్యూబ్ కౌంటర్. రోడ్డుకి అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు బిగిస్తాం. చక్రం ఎక్కగానే లోపలి గాలి తోసుకెళ్లి పక్కనున్న పెట్టెలో నమోదవుతుంది. రెండు గొట్టాల మీదా చక్రాలు పడిన తీరుని బట్టి అది సైకిలో, బైకో, కారో పెట్టే తేలుస్తుంది. మనిషి కునుకు తీస్తాడు, పెట్టె తీయదు అని కొత్తవాళ్లకి పాఠం చెప్పేదాన్ని నేనే.

వారం తర్వాత డేటా దించి చూస్తే బైకులు దండిగా ఉన్నాయి, సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. నైన కాలంలో షిఫ్టు వదిలితే వీధంతా బెల్లుల మోతే. అందరూ బైకులకి మారిపోయారు కాబోలు, నా జ్ఞాపకాలకి కాపలా కాయడమా వాళ్ల పని అని నన్ను నేనే కసురుకుని, రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.

అప్పుడు రాజమ్మక్క ఫోన్ చేసింది. ఒకప్పుడు మా పక్కింటావిడ, ఇప్పుడు ఆస్పత్రిలో బట్టలుతికే చోట పనిచేస్తోంది.

"పాపా, సైకిలు దారికి నువ్వే రాసేదంట గదా? లారీ రాసుకోని చెయ్యి విరిగినప్పట్నుంచి నాకు పెద్ద రోడ్డంటే బయ్యము. దారి రాలేదంటే సైకిలు అమ్మేసేదే, పని విడిచిపెట్టేదే."

"మన వీధిలో సైకిళ్లే లేవని లెక్క చూపిస్తా ఉండాది అక్కా."

"లేవా? దినమూ రెండు తూర్లు పోతా ఉండానే, నేను కూడా లేనా?"

ఆ మాటతో రిపోర్టు పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున వెళ్లి ట్యూబుల పక్కనే నిలబడ్డాను. రాజమ్మక్క వచ్చింది. ట్యూబు ముందు బ్రేకు వేసి దిగింది, ముందు చక్రం ఎత్తింది, వెనక చక్రం ఎత్తింది, రెండు గొట్టాలూ దాటించి కింద పెట్టింది. ఆమె వెనక ఒక తాతా అంతే, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలూ అంతే. బైకుల మీద వచ్చేవాళ్లు మాత్రం ఎత్తలేరు గనక మెల్లగా ఎక్కించి పోతున్నారు.

"ఎందుకక్కా దిగినావు?"

"ఇదేమి అడిగేది? గొట్టాన్ని తొక్కితే ఎవరిదో కుడము నిండదు గదా!"

కుడమంటే బిందె. మా వీధికి కొళాయి ఒక పక్కనే. నీళ్లొచ్చే రోజు ఎదుటి వరసవాళ్లు రోడ్డుకి అడ్డంగా గొట్టాలు లాక్కుంటారు. నీళ్లొచ్చేది కాసేపే. చక్రం పడితే ధార ఆగుతుందని సైకిలు దిగి ఎత్తి దాటించడం మా వాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. నైన నన్ను కారియర్ మీద కూర్చోబెట్టుకుని వస్తూ, గొట్టం కనబడితే దిగి, "కాళ్లెత్తుకో కన్నా" అంటూ నాతో సహా సైకిలెత్తేవాడు. అదెలా మరిచిపోయానో! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"ఇది నీళ్ల గొట్టం కాదక్కా, లెక్కపెట్టే మిషను. తొక్కాల."

"అట్లనా? సరి." రాజమ్మక్క వెనక్కి వెళ్లి జోరుగా తొక్కుకుంటూ వచ్చింది. ట్యూబు దగ్గర కాలు దానంతటదే కింద ఆనింది. "మనసు ఒప్పలేదు పాపా" అని నవ్వేసింది.

ఇక మాన్యువల్ కౌంట్ పెట్టించాను. అంటే మనుషులు కూర్చుని కాగితం మీద గీతలు గీయడం. లెక్క చాలినంత వచ్చింది. పెట్టె ఎందుకు తప్పిందో కూడా రిపోర్టులో రాశాను. దారి పడింది, రాజమ్మక్క ఇప్పుడు దాని మీదే పనికి పోతోంది. ఆనాటి నుంచి పెట్టెలో అంకె చిన్నగా కనిపిస్తే నేను వేరే ఏమీ అనుకోను. ముందు వెళ్లి రోడ్డు పక్కన నిలబడతాను.

అప్పట్లో ఆ ట్యూబులు విప్పిన రోజున రాజమ్మక్క సైకిలు అడిగి తీసుకున్నాను. మిషను పనిచేస్తోందో లేదో చూడాలని పైకి చెప్పాను. నిజానికి ఆ వీధిలో ఒక్కసారి తొక్కాలనిపించింది. ట్యూబు దగ్గరికి రాగానే నేనూ దిగిపోయాను. వెనక చక్రం ఎత్తితే ఖాళీ కారియర్ ఎంతో తేలిగ్గా లేచింది. నైన గొంతు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంది. ఎవరూ లేని ఆ కారియర్ వైపు తిరిగి "కాళ్లెత్తుకో కన్నా" అని నేనే అన్నాను.

తర్వాత పెట్టె విప్పి చూశాను. నా సైకిలు కూడా అందులో పడలేదు.