అర్ధరాత్రి ఎగిరిన సీతాకోకచిలుకలు

మా బావ గడియారాలు బాగుచేసేవాడు. రిపేరుకిచ్చిన గడియారం చెప్పిన రోజుకి తిరిగొచ్చిందంటే ఆ వారమంతా మబ్బు పట్టిందని అర్థం. మబ్బు లేకపోతే రాత్రి మేడ మీద టెలిస్కోపు, పగలు చేతిలో వల. ఓసారి సీతాకోకచిలుక వెంట మూడు గోడలు దూకి ఇన్‌స్పెక్టరుగారి పెరట్లో పడ్డాడు. ఇన్‌స్పెక్టరు కూడా టోపీ తీసి దాని వెంటపడ్డాడంటే మా అక్క నమ్మదు. మీరు నమ్మండి.

ముప్పై ఏళ్లలో నలభై అద్దాల పెట్టెలు నిండాయి. వాటిని తీసుకోడానికి కాలేజీ మ్యూజియం ఒప్పుకుంది, లెక్చరరు చూసి సరేనంటేనే. ఆయన బావ గడియారాల కొట్లో కూర్చుని, ఒక్కో సీతాకోకచిలుక కింద పట్టిన తారీఖూ టైమూ రాసిన చీటీలు భూతద్దంతో చదివి మొహం ముడుచుకున్నాడు.

“మార్చిలో రాత్రి రెండింటికి పట్టారా? ఇవి రాత్రిపూట ఎగరవండీ. చీటీ అబద్ధమైతే పెట్టె అలంకారానికే.”

సెప్టెంబరు చీటీలు బాగానే ఉన్నాయి. మార్చివన్నీ అర్ధరాత్రివే, డిసెంబరువి చీకటి పడ్డాకవి. రాత మాత్రం బావదే.

అక్క వెళ్లి బావ కుర్చీలో కూర్చుని ఆయన్నే అడిగింది. “ఇక్కణ్ణించి మీకు కనబడే గడియారం ఏదండీ?”

ఎదుటి గోడ మీదున్నది నక్షత్రాల గడియారం. ఏ చుక్క ఎప్పుడు నడినెత్తికి వస్తుందో తెలియడానికి బావే చేసుకున్నాడు. ఇరవై నాలుగు గంటల డయలు, సెప్టెంబరులో మామూలు గడియారంతో కలుస్తుంది, అక్కణ్ణించి రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోతుంది. ఆరునెలలకి పన్నెండు గంటల తేడా. జనం చూసే గడియారం ఆయన తల వెనకుంది. వల దించి కుర్చీలో కూలబడి, కళ్లెదుట ఉన్నదే రాసేశాడు పెద్దమనిషి.

తారీఖులున్నాయి కాబట్టి తేడాలు తీసేస్తూ పోయాం. నలభై పెట్టెల్లోవీ మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య తేలాయి. భోజనానికి కొట్టు మూసే వేళ.

“గిరాకీలు వదల్లేదని చెప్పేవారు,” అంది అక్క. “ముప్పై ఏళ్లు కూరలు వెచ్చబెట్టాను.”

బావ తప్పు ఒప్పుకున్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది. లెక్చరరు భూతద్దం కింద పెట్టాడు.

“అబద్ధాలు రాసేవాడు ఇంత లెక్కగా తప్పు రాయలేడమ్మా,” అని అక్కతో అని, మ్యూజియం ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాడు. చీటీలు మాత్రం దిద్దమన్నాడు.

“దిద్దనండీ,” అన్నాడు బావ. “కావాలంటే కింద మీ టైము రాసుకోండి.”

అలాగే రాసుకున్నారు. నలభై పెట్టెలూ వీధిలో వరసగా పోతుంటే, కొట్టు తాళం వెయ్యడం కూడా మరిచి, అందరికంటే ముందు నడిచాడు మా బావ.