పిన్ని మాట ఇంకెవరో చెప్పారు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో ఫోను టింగుమంది. మా కుటుంబం గ్రూపులో తమ్ముడి మనవరాలు ఏదో వీడియో పెట్టింది. పది సెకన్లది. ఏదో పాత సినిమాలో ముక్క. నులకమంచం మీద జబ్బుమనిషి ఒకావిడ, కళ్ళ నిండా నీళ్ళు, వణుకుతున్న చెయ్యి ఎత్తి ఏదో చెప్పబోతోంది. నోరు విప్పగానే ఎవడో మగవాడి గొంతు, "కరెంటు బిల్లెంతొచ్చిందో చూశావా బాబూ?" అని. కింద అప్పటికే పదముగ్గురు నవ్వేశారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. ఆ మంచం మీద మనిషి మా పిన్ని. "ఆవిడ మీ తాతగారికి స్వయానా పిన్ని అవుతుందమ్మా" అని టైపు చేసి, తుడిపేసి, ఫోను బోర్లా పెట్టాను. ఆ పిల్లనేం అంటాం? పిన్ని నోట్లో ఇంకొకళ్ళ గొంతు పెట్టడం ఈ కాలపు పిల్లలు కనిపెట్టిన సరదా కాదు. నలభై ఏళ్ళ కిందట పెద్దవాళ్ళే చేశారు, పైగా అది సరదాకి కూడా కాదు.

మాది రాజోలు దగ్గర ఊరు. మా అమ్మమ్మ మిషన్లో బైబిలు స్త్రీ. అంటే కాలవగట్టున ఊరూరా నడిచి, చదువురాని ఆడవాళ్ళని అరుగుల మీద కూర్చోబెట్టి వాక్యం చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. తాత తొందరగా పోయాడు. ఇద్దరు కూతుళ్ళనీ తనే చదివించింది. పెద్దది మా అమ్మ, చిన్నది పిన్ని. మా అమ్మకి చదువు వచ్చింది గానీ చదవడం రాలేదనేది అమ్మమ్మ. ఆవిడ లెక్కలో చదవడమంటే వెనక వరసలో పిల్లకి పాలిస్తున్న మనిషి కూడా తలెత్తేలా చదవాలి. అలా చదివేది పిన్ని ఒక్కతే. మా గుడిలో మైకు లేని రోజుల్లో పిన్ని లేచి నిలబడి వాక్యం చదువుతుంటే బయట చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా వినబడేది. అరిచేది కాదు. గొంతులో కొంచెం జీర, మగవాళ్ళ గొంతులోలాంటి బరువు ఉండేవి. పాస్టరుగారు ప్రసంగం మొదలెట్టగానే జనం నిద్రకి పడేవారు. అందుకే ఆయనకి పిన్ని చదువు మీద కొంచెం కడుపుమంట ఉండేదని నా అనుమానం.

ఆ గొంతే పిన్ని కొంప ముంచింది. డెబ్భైలలో మా వైపు గుమాస్తాలకీ మేష్టర్లకీ నాటకాల పిచ్చి బాగా ముదిరి ఉండేది. అమలాపురంలో ఒక సమాజం, కొత్తపేటలో ఒకటి, రాజోల్లో రెండు. ఆఫీసు వదలగానే వరండాలో బల్లలు జరిపి రిహార్సలు. వేషాలన్నిటికీ మగవాళ్ళు ఉన్నారు గానీ ఆడవేషానికి మనిషి లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళని స్టేజీ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, పక్కింటి ఆడమనిషి ఎక్కితే మాత్రం కళాసేవ. పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా ఒకాయన క్రిస్మసుకి మా గుడికి వచ్చి పిన్ని చదువు విని, మర్నాడే స్కూలు దగ్గర కాపు వేశాడు. పిన్ని అప్పటికి ఎలిమెంటరీ స్కూలు టీచరు. ముప్పై దాటుతున్నాయి, పెళ్ళి కాలేదు. "ఆయ్, చేస్తానండి" అందట, ఇంకో మాట అడక్కుండా. తర్వాత నాకు చెప్పింది, ఆ మాట ఎవరన్నా అడుగుతారని పదేళ్ళ నించి చూస్తున్నానే అని.

నాలుగేళ్ళలో మా తాలూకాలో పిన్ని లేని నాటిక లేదు. నాటక పరిషత్తు పోటీల్లో ఒకే రోజు మధ్యాహ్నం ఒక సమాజానికి తల్లి, సాయంత్రం ఇంకో సమాజానికి కూతురు. తన మీద తనే పోటీ. ఒకసారి ఉత్తమ నటి, రెండో ఉత్తమ నటి రెండూ ఆవిడకే వస్తే, ఎవరి షీల్డు ఎవరిదని ఆ రెండు సమాజాల మగవాళ్ళూ గ్రీన్ రూములో చొక్కాలు పట్టుకున్నారు. షీల్డులు వాళ్ళు పట్టుకెళ్ళారు. పిన్నికి ఒక ప్లాస్కు మిగిలింది.

సంఘ పెద్దలు ఊరుకుంటారా? మొహానికి రంగు పూసుకుని పరాయి మగవాణ్ణి 'ఏవండీ' అని పిలిచిన మనిషి దేవుడి వాక్యం చదవకూడదన్నారు. బల్ల నించి ఆపేశారు, అంటే ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే పిన్ని వెనక బెంచీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. రెండు నెలలు కూర్చుంది. తర్వాత రావడం మానేసింది. అమ్మమ్మ పెద్దల మీద ఒక్క మాట అనలేదు, వాళ్ళ పక్షమే. కూతురికి అన్నం పెట్టేది, మాట్లాడేది మాత్రం కాదు. ప్రతి నాటకం ముందూ పిన్ని గుమ్మం దగ్గర నిలబడి అడిగేది. "ఒక్కసారి వచ్చి వినవే అమ్మా. చూడొద్దు. కళ్ళు మూసుకుని విను." అమ్మమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయేది. పిన్నికి ఈ లోకంలో షీల్డులు అక్కర్లేదు, ప్లాస్కులు అక్కర్లేదు. చదవడం నేర్పిన మనిషి ఒక్కసారి విని బాగుందనాలి, అంతే. ఆ ఒక్క కోరికా మా ఇంట్లో అందరికీ తెలుసు. తీర్చగలిగిన మనిషి కూడా ఆ ఇంట్లోనే ఉంది.

పరిషత్తుకి న్యాయనిర్ణేతగా వచ్చిన సినిమా ఆయనెవరో పిన్ని గొంతు విని మద్రాసు రమ్మన్నాడు. గొంతు విని రమ్మన్నాడని గుర్తుపెట్టుకోండి. పిన్ని ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆ సెలవు పొడిగించి, చివరికి ఉద్యోగమే వదిలేసింది. అక్కడ ఆవిడ చేసినవి నర్సులు, పక్కింటి పిన్నిగార్లు, పెళ్ళి పందిట్లో పళ్ళెం పట్టుకునేవాళ్ళు. మా ఊరి జనం ఒక్కో సినిమాకీ వెళ్ళి, పిన్ని కనబడ్డ అర నిమిషానికీ ఈల వేసి వచ్చేవారు. మాటలుండేవి కావు. అయిదేళ్ళ తర్వాత ఉత్తరం రాసింది. ఈసారి హీరో తల్లి వేషం, చచ్చిపోయే సీను, పెద్ద డైలాగు ఉంది, షూటింగులో చెప్పగానే లైట్లు పట్టుకునే కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు, అమ్మని తీసుకెళ్ళండి అని. 'వింటుందేమో అడుగు' అని చివర నాకు విడిగా రాసింది.

అప్పటికి అమ్మమ్మకి నీటికాసులొచ్చి చూపు పూర్తిగా పోయింది. నాకు రాజోలు స్కూల్లో కొత్తగా ఉద్యోగం వచ్చి ఆవిడ దగ్గరే ఉండేదాన్ని. రోజూ బైబిలు నేనే చదివి వినిపించేదాన్ని. "అప్పజెబుతున్నావు గానీ చదవట్లేదే" అనేది ప్రతి రోజూ. ఆరోగ్యం, వయసు, చీకటి అన్నీ కలిసి ఆవిడని మెత్తబరిచాయో, నా చదువే మెత్తబరిచిందో తెలీదు. పిన్ని ఉత్తరం చదివి వినిపించగానే, "సినిమా హాలుకెడితే పెద్దలు నన్నూ బల్ల నించి ఆపేస్తారేమో" అంది. మళ్ళీ తనే, "ఆపితే ఆపనీ. దాని గొంతు విని అయిదేళ్ళయింది" అంది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. సినిమా రాజోలు రాగానే మొదటి ఆట తోటి టీచర్లతో నేను చూసేశాను. తెర మీద పిన్ని మొహం పెద్దగా వచ్చింది, పెదవులు కదిలాయి, వచ్చిన గొంతు ఎవరిదో. సన్నగా, తియ్యగా, ప్రతి మాట చివరా ఏడుపు అతికించి. పిన్ని గొంతు కాదని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ మర్నాడు అమ్మమ్మని తీసుకెళ్ళాను. గుడ్డి ముసలావిడ, హాలు గోలలో ఏం పోల్చుకుంటుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి గానీ, తెలివనుకుని చేసింది ఇదొక్కటే.

తెల్ల చీర కట్టుకుని, తల దువ్వించుకుని, ఆదివారం గుడికి వెళ్ళినట్టు బయల్దేరింది. కుర్చీ క్లాసులో కూర్చుని సినిమాకి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. పక్కన వేరుశనక్కాయలు తింటున్నాయన నోరు ఆపి చూశాడు. పాటలొచ్చినా, ఫైటింగులొచ్చినా కదలకుండా, తల కొంచెం పక్కకి వంచి వింటూ కూర్చుంది. ఆ సీను వచ్చింది. "బాబూ, తలుపు తీసే ఉంచరా. మీ నాన్న వస్తే ఇల్లు మూసేసి ఉందనుకుని వెళ్ళిపోతారు." హాల్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అమ్మమ్మ నా మోచెయ్యి తట్టింది.

"అదెప్పుడొస్తుందే?"

"ఇదే అమ్మమ్మా, పిన్నే. ఇప్పుడు మాట్లాడింది పిన్నే."

"ఇది కాదు."

"మైకులో గొంతు అలాగే మారిపోతుంది అమ్మమ్మా."

"ఉజ్జీవ కూటాల ప్రార్థనల్లో అది మైకులో చదవగా నేను వినలేదా?" అంది.

ఇంటికొచ్చాక చెప్పాను, మొహం పిన్నిదే, గొంతు వేరే వాళ్ళ చేత చెప్పించారు అని. మా అమ్మ చెప్పింది. చూసొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు ప్రమాణం చేసి చెప్పారు. వినలేదు. ఆవిడకి మిగిలినవి చెవులు, అవి అబద్ధం చెప్పవు. మొహం ఒకరిదీ మాట ఒకరిదీ అవడమేమిటి? అలాంటి పని ఉంటుందని ఆవిడ ఊహకే అందలేదు. అంతకంటే సులువుగా అందేది ఇంకోటి ఉంది. కూతురు సినిమాల్లో లేదు, అందరూ కలిసి దాచిపెడుతున్నారు. లేకపోతే మద్రాసులో అయిదేళ్ళు ఏం చేసి బతుకుతోంది? ఆ ప్రశ్న పెద్దలు ఎప్పుడో అడిగారు. అప్పుడు ఆవిడ జవాబు చెప్పలేదు గానీ నమ్మనూ లేదు. ఇప్పుడు నమ్మింది. నా చేత ఉత్తరం రాయించింది. 'నువ్వు ఆ సినిమాలో లేవు. నా చెవులతో విన్నాను. ఎక్కడున్నావో ఏం చేస్తున్నావో దేవుడికి తెలుసు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.' చెప్పింది చెప్పినట్టు రాశాను. అడుగున మాత్రం నా సొంతంగా రెండు వాక్యాలు చేర్చాను, పిన్నీ, అందులో నీ గొంతు లేదు, ఇంకెవరో చెప్పారు అని. తన గొంతు తీసేశారన్న సంగతి ఆవిడకి తెలిసింది ఆ రెండు వాక్యాల వల్లే.

వారం తిరక్కుండా వచ్చేసింది. సంచీ చేతిలోనే ఉంది. మొహం కూడా కడుక్కోలేదు. డబ్బింగుకి పిలుస్తామన్నారట, పిలవలేదట. కంపెనీకి వెళ్ళి అడిగితే ఒకడు చాలా మర్యాదగా చెప్పాడట, "ఆ రోజు ఒకావిడ వచ్చిందండీ, నలుగురు ఆడవాళ్ళ మాటలూ ఒక్క పూటలో ఆవిడే చెప్పేసిందండి, పని అయిపోయింది" అని. కోపం లేదు, కక్ష లేదు. పని అయిపోయింది, అంతే. అమ్మమ్మ పెరటి వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. పిన్ని ఎదురుగా నిలబడి, "అమ్మా, ఆ మాటలు నేనెలా చెప్పేనో ఇప్పుడు చెప్తాను. విను" అంది.

చెప్పింది. ఏడవలేదు. గొంతు పెంచలేదు. చావబోయే మనిషి కొడుక్కి ఇంటి పని అప్పగించినట్టు చెప్పింది. "తలుపు తీసే ఉంచరా" అన్న దగ్గర నేను వెనక్కి తిరిగి వీధి తలుపు వైపు చూశాను. కంచె అవతల బట్టలారేస్తున్న పొరుగావిడ తడిచీర చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మమ్మ పెదవులు కదులుతున్నాయి, గుడిలో పిన్ని చదువుతుంటే కదిలినట్టే. అయిపోయాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అయిందిలే, ఇన్నేళ్ళకి అయింది అనుకున్నాను నేను. పిన్ని కూడా అనుకుని ఉంటుంది, ఒక అడుగు ముందుకి వేసింది.

"ఎంత బాగా చెప్పేవే" అంది అమ్మమ్మ. "ఇంత బాగా చెప్పినదాన్ని ఒదిలేసి ఆ పీలగొంతు దాని చేత ఎవరైనా చెప్పించుకుంటారా? వాళ్ళకి చెవుల్లేవా? ఎందుకే నాతో అబద్ధం? ఎక్కడున్నావో నిజం చెప్పు."

పిన్ని నవ్వింది. అలాంటి నవ్వు నేను మళ్ళీ ఎవరి దగ్గరా వినలేదు, వినాలని కూడా లేదు. జన్మంతా అడిగిన మెచ్చుకోలు దొరికింది, దాన్నే సాక్ష్యంగా పెట్టి తల్లి శిక్ష వేసేసింది. నేను నోరు తెరిచి ఏదో అనాలి. ఆ సీను రెండుసార్లు చూసినదాన్ని, ఏం జరిగిందో తెలిసినదాన్ని. ఏమీ అనలేదు, గుంజకి ఆనుకుని నిలబడ్డాను. పిన్ని మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళిపోయింది.

క్రిస్మసు రాకముందే అమ్మమ్మ పోయింది. పిన్ని వచ్చి, తల్లి సమాధిలో మట్టి వేసి వెళ్ళిపోయింది. మద్రాసులో ఇంకో పన్నెండేళ్ళు మంచాల మీద, ఆసుపత్రుల్లో, పెళ్ళి పందిళ్ళలో కనబడుతూనే ఉంది. నాటకం వెయ్యమని మా వైపు వాళ్ళు రెండు మూడుసార్లు పిలిచారు, రాలేదు. ఎందుకని నేను ఒకసారి అడిగితే, "వినవలసిన మనిషి వినేసిందిగా" అంది. చివరికి మద్రాసులోనే పోయింది.

అమ్మమ్మ పోయిన వయసు ఇప్పుడు నాకొచ్చింది. ఆ తల్లి తప్పెంతో, ఆ కూతురి తప్పేమీ లేదనీ, మధ్యలో నా తప్పు ఏ మూల ఉందో ఈ రోజు వరసగా, తడుముకోకుండా చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు. కాలం మా ఇంట్లో చేసిన పని ఇదే. కక్షిదారులిద్దరినీ తీసుకుపోయి, అప్పుడు నోరు విప్పని సాక్షికి ఇప్పుడు తీరిగ్గా మాటలిచ్చింది.