ఇమ్మానుయేలన్న ఎర్ర గీతలు

ఇమ్మానుయేలన్న దేన్నీ ఒక్కసారి చూసి నమ్మడు. ధర్మవరంలో మా పట్టుచీరల డిజైన్ షాపులో కంప్యూటర్లు చూసుకునేది ఆయనే. ఇంటికి తాళమేసి, లాగి చూసి, బస్టాండు దాకా వచ్చాక వెనక్కి పోయి మళ్ళీ లాగుతాడు. టీ తాగేసి గ్లాసులోకి తొంగిచూస్తాడు, నిజంగా అయిపోయిందా అని.

"అంత భయమేందన్నా?" అంటే, "భయం లేకుండా మనిషెట్ల బతుకుతాడప్పా?" అని నన్నే అనుమానంగా చూస్తాడు.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఈ జబ్బు మరీ ముదురుతుంది. ఎక్కించిన రోజు ప్రతి ఫైలూ ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉందా అని పొద్దున్నే సరిచూస్తాడు. తేడా ఉంటే తెర మీద ఎర్ర గీత వస్తుంది. మా షాపులో మగ్గం, కంప్యూటర్ చెప్పినట్టే నేస్తుంది కాబట్టి ఒక్క ఫైలు చెడినా పట్టంతా పాడే. ఆ భయం మాకూ అంటుకుంది.

మొన్న కంప్యూటర్లో డిస్కు చచ్చింది. ఆ రాత్రే సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. మర్నాడు పొద్దున్నే హిందూపురం సావుకారు వచ్చి కూర్చున్నాడు, పెళ్ళిచీర సాయంత్రానికల్లా కావాలని. అదే సమయానికి నేతగాడు ఈరప్ప వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా పెండ్లాం మల్లికను పుట్టపర్తి ఆస్పత్రిలో చేర్చినారు. నొప్పులంట. పోయొస్తా."

ఓనరు నాగమణక్క సావుకారు మొహం చూసింది.

"చీర మగ్గం దిగినాకే ఎవరైనా కదిలేది," అన్నాడాయన.

మల్లికకు అది తొలికాన్పు, పక్కన సాయానికి ఒక్కరూ లేరు.

అప్పుడే ఇమ్మానుయేలన్న ఫైళ్ళు సరిచూసే మీట నొక్కాడు. తెరంతా ఎర్రబడిపోయింది.

"అయ్యో దేవుడా! ప్రతి ఫైలూ తేడా చూపిస్తాండాది!" అంటూ లేచి గోడకు అతుక్కుపోయాడు.

"అంటే?" అన్నాడు సావుకారు.

"అన్నీ సరిచూసేదాకా మగ్గం ముట్టకపోతే మేలు సామీ. మీరు నడపమంటే నడుపుతాం. పట్టుకు పూచీ మాత్రం మీదే."

సావుకారు దిగ్గున లేచాడు. "వద్దొద్దు! రేపిచ్చినా పరవాలేదు," అని చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన గడప దాటాడో లేదో, ఈరప్ప బస్టాండుకు పరుగు తీశాడు.

"అన్నా, డిజైన్లన్నీ పోయినట్టేనా?" అన్నాను ఏడుపుగొంతుతో.

"ఏమీ పోలేదబ్బా. ఏ ఫైలు ఎవరు తెరవచ్చు, ఎవరు మార్చచ్చు అని అనుమతులుంటాయి కదా. వాటిని రాసుకునే చోటే ఈ పెన్‌డ్రైవ్‌లో లేదు. అందుకే అన్నిటికీ ఎర్ర గీతే. లోపలి సరుకు అట్లే ఉండాది, రాత్రి ఎక్కించినప్పుడే సరిచూసినా."

"మరి అబద్ధమెందుకు చెప్పినావు?"

"యాడ చెప్పినా? తేడా చూపిస్తాండాదన్నా, చూపిస్తాండాది. ఆ పిల్ల ఆడ ఒక్కతే ఉండాదంటే భయమేసిందప్పా."

మధ్యాహ్నం ఈరప్ప ఫోన్ చేశాడు. ఆడపిల్ల, తల్లీబిడ్డా బాగున్నారు. ఆ మాట చెప్పి నాగమణక్క నేరుగా ఇమ్మానుయేలన్న ముందుకొచ్చి నిలబడింది. దొరికిపోయామని ఆయన మొహం పాలిపోయింది.

"ఇమ్మానుయేలూ, రేపు కూడా ఎర్ర గీతలు వస్తాయా?"

"ఎందుకక్కా?"

"ఈరప్ప రేపూ ఆడే ఉండల్లంట. సావుకారేమో పొద్దున్నే వస్తాడు."