పట్టు మీద పడిన ఇరవై

ఆ శుక్రవారం మధ్యాహ్నం నరసరావుపేటలోని మా అద్దె గదిలో ఉన్నవి: మనుషులు నలుగురు. ఇరవై ముఖాల పాచిక ఒకటి. జిరాక్సు తీసిన రూల్సు పుస్తకం ఒకటి, మొత్తం అరవై నాలుగు పేజీలు, అందులో నలభై ఒకటి నుంచి నలభై నాలుగు దాకా లేవు. క్యారమ్ బోర్డు వెనకవైపు సుద్దతో గీసిన ఎత్తిపోతల జలపాతం. వీరులకు బదులు చింతగింజలు మూడు. రాక్షసుడికి బదులు సిరాబుడ్డి ఒకటి.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి ఏడాది. ఆట నడిపేది నేనే. ఆడేవాళ్లలో ఇద్దరు నా క్లాసువాళ్లు, ఒకడు కోర్టు గుమస్తా కొడుకు, ఇంకొకడు మిరప రైతు కొడుకు. మూడోవాడు మోటారు మెకానిక్కు. వాడి షెడ్డుకు శుక్రవారం సెలవు. అందుకని మా ఆట శుక్రవారమే. మేం ముగ్గురం మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టేవాళ్లం.

ఆట కష్టమైనది కాదు. ఒక్కొక్కరు ఒక వీరుణ్ణి కల్పించుకుంటారు. వాడు ఏం చేస్తాడో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. నెగ్గినకొద్దీ వీరుడి మెట్టు పెరుగుతుంది, దెబ్బ తిన్నకొద్దీ వాడి ప్రాణాలు తరుగుతాయి. గుమస్తా కొడుకు వాళ్లన్న బెంగళూరు నుంచి పుస్తకం తెచ్చాడు గాని పాచిక తేలేదు. ఘనాలను విప్పి పరిచి గీయడం మాకు ఇంజనీరింగ్ డ్రాయింగులో నేర్పారు. ఇరవై త్రిభుజాలు డ్రాయింగ్ షీటు మీద గీసి, కోసి, అతికించి, పైన వార్నిష్ పూశాను. నాలుగు వందలసార్లు వేసి చూశాను. ఇరవై పంతొమ్మిదిసార్లు పడింది. పాచిక పాసైంది.

కత్తిదెబ్బ మీద ఇరవై పడితే గాయం రెట్టింపు. అది ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది. కాలు లాగడం, మెడ బిగించడం, ఆయుధం ఊడలాగడం లాంటివాటిని మేం పట్లు అనేవాళ్లం. పట్టు మీద ఇరవై పడితే ఏమవుతుందో ఆ లేని నాలుగు పేజీల్లో ఉండి ఉండాలి. పదకొండు శుక్రవారాలుగా దాని అవసరం రాలేదు.

మెకానిక్కు వీరుడు పహిల్వాను. ఆ పదకొండు శుక్రవారాలూ బతికి, నాలుగో మెట్టు ఎక్కాడు. ఆ రోజు మాత్రం వాడి ప్రాణాలు రెండుకు దిగిపోయాయి. మిగతా ఇద్దరి వీరులూ స్పృహ తప్పి పడున్నారు. రాక్షసుడు జలపాతం అంచుకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వాడి దెబ్బ ఒక్కటి తగిలితే కనీసం నాలుగు ప్రాణాలు పోతాయి.

పైగా మెకానిక్కు మర్నాడు పొద్దున్నే మాచర్ల వెళ్లిపోతున్నాడు. అక్కడ వాళ్ల మామ పెట్టిన కొత్త షెడ్డు వీడే చూసుకోవాలి.

"నా పహిల్వాను బతికుంటే నెలకోసారన్నా బస్సెక్కి వస్తా," అన్నాడు. "చచ్చినోడి కోసం అంతసేపు ఎవడు కూసుంటాడ్రా బస్సులో?"

"పోనీ, రాక్షసుడు భయపడి పారిపోయాడనుకుందాం," అన్నాను.

"నాకు దానం వద్దు. రూలు చూపెట్టు."

అని, "కాలు పట్టి లాగుతున్నా" అంటూ పాచిక విసిరాడు. అది చింతగింజలకు తగిలి, అటూ ఇటూ ఊగి ఆగింది. ఇరవై.

మిరప రైతు కొడుకు మంచమెక్కి గెంతాడు. నులక రెండుచోట్ల తెగింది. అరుపులు తగ్గాక గుమస్తా కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"ఇరవైకి గాయం రెట్టింపు. కాలు లాగితే గాయం ఎంత?"

"సున్నా," అన్నాను.

"సున్నాకి రెట్టింపు?"

"ఒరేయ్, నువ్వు మా వైపా, రాక్షసుడి వైపా?" అన్నాడు మెకానిక్కు.

రాక్షసుడు పడతాడు, అందులో తగువు లేదు. అక్కడికక్కడే పడితే మళ్లీ లేచి కొడతాడు. మూడడుగులు జారితే లోయలో పడతాడు. "జారతాడనడానికి ఆధారం ఏంది?" అన్నాడు గుమస్తా కొడుకు.

మెకానిక్కు చిన్నప్పట్నుంచి చెడుగుడు ఆడినవాడు. "ఆధారం కావాలా?" అని నావైపు తిరిగాడు. "నువ్వేగా రాక్షసుడివి. లెయ్."

నేను టేపుతో కొలిచి, గచ్చు మీద మూడడుగుల దూరాన అంచు గీత గీసి నిలబడ్డాను. మూడుసార్లు నా చీలమండ పట్టి లాగాడు. రెండడుగుల ఆరంగుళాలు. రెండడుగుల తొమ్మిది. మళ్లీ రెండడుగుల తొమ్మిది. అంచుకు మూడంగుళాలు తక్కువ. మెకానిక్కు తన చింతగింజను వేలితో కాస్త వెనక్కి జరిపాడు.

అప్పుడే కింద ఉండే ఇంటి యజమానురాలు, మేం పెద్దమ్మ అనే ఆవిడ, మెట్లెక్కి వచ్చింది.

"ఏందిరా, పైకి గేదెను గాని తోలుకొచ్చారా? నా పప్పులో సున్నం రాలతంది!"

మెకానిక్కు మొత్తం కథ ఆవిడకు వినయంగా చెప్పాడు. ఆవిడ బోర్డు మీదికి వంగి చూసింది.

"ఇది ఎత్తిపోతలా? మరి నీళ్లేవిరా? ఆడ బండలన్నీ పాకుడు. ఉత్తినే నిలబడ్డోడే జారతాడు. మీరు పొడిగచ్చు మీద పడి కొలిస్తే ఏం తెలుస్తది?"

ఘర్షణ గుణకం పాఠం ఉన్న పేపర్లో నాకు ఆ ఏడాది నూటికి ఎనభై ఎనిమిది మార్కులు.

ఒక బకెట్ నీళ్లు, అరిగిపోయిన బట్టల సబ్బు సగం బిళ్ల. గచ్చంతా నురగ చేసి, లుంగీ ఎగ్గట్టి నిలబడ్డాను. మెకానిక్కు ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో నా చీలమండ అందుకున్నాడు. గీత దాటాను, మంచం దాటాను, గడప దగ్గర పెద్దమ్మ కాళ్లకు తగిలి ఆగాను. ఏడడుగుల నాలుగంగుళాలు.

"ఓరి నీ దుంపతెగా!" అని పెద్దమ్మ గడప మీదే కూలబడి నవ్వింది. "మళ్లీ చెయ్యండ్రా, సరిగ్గా చూళ్లా!"

ఏ కొలతైనా మూడుసార్లు తీయాలని మాకు నేర్పారు గనక ఇంకో రెండుసార్లు జారాను. నాలుగోసారి ఏ నియమమూ లేకుండానే జారాను. తర్వాత సిరాబుడ్డిని బోర్డు అంచు మీంచి తోశాను. మూత ఊడి నురగంతా నీలమైంది. నలుగురం అందులోనే కూర్చుని అరిచాం.

"ఈ గచ్చు కడక్కుండా మెట్లు దిగినోడికి ఉంటది," అని పెద్దమ్మ చీపురు తెచ్చి పడేసింది.

కడిగాక, నలభై ఒకటో పేజీ ఉండాల్సిన చోట ఒక తెల్లకాగితం పెట్టి రూలు రాశాను: పట్టు మీద ఇరవై పడితే, ఆ చోటు ఎలా ఉందో అలాగే చేసి చూసి, కొలిచి తేల్చాలి. గుమస్తా కొడుకు సాక్షి సంతకం పెట్టాడు.

మెకానిక్కు తన వీరుడి కాగితం ఒకసారి చదువుకుని, మడిచి, తడి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మాచర్ల వెళ్లిన ఆ కాగితంలో ఉన్నది: పహిల్వాను, నాలుగో మెట్టు, ప్రాణాలు రెండు.